మూఢం రాయని తనఖా

నేను ఒక తనఖా దస్తావేజుని. అయిదు కాగితాలు, ఎడమ మూల కలిపి కుట్టిన ఒక దారం. మొదటి కాగితం వంద రూపాయల స్టాంపు పేపరు. అది నాసిక్‌లో అచ్చయిందంటారు. అక్కడి సంగతులు నాకు గుర్తు లేవు. నా జ్ఞాపకం నా మీద అక్షరాలు పడ్డ రోజు నుంచి మొదలవుతుంది.

అక్షరాలు పడింది పాలకొల్లులో, రిజిస్ట్రారాఫీసు ఎదుట, పేర్రాజు అనే దస్తావేజు లేఖరి గదిలో. పేర్రాజు కంప్యూటరులో ఒక తనఖా దస్తావేజు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. మనుషులు వచ్చినప్పుడు పేర్లు, సరిహద్దులు, అంకెలు మారుస్తాడు. మిగతాది మారదు. అంచేత నాలో ముప్పాతిక భాగం నేను పుట్టకముందే రాసి ఉంది. ఆ సంగతి ఆ రోజు ఆ గదిలో పేర్రాజుకి ఒక్కడికే తెలుసు. అతనికీ ఆ క్షణాన గుర్తు లేదనుకుంటాను.

బల్లకి ఇటు అడబాల సత్యవేణి కూర్చుంది. వయసు యాభై నాలుగు. భర్త నాగభూషణం పోయి పదకొండు నెలలైంది. అతనికి బస్టాండు వెనక వీధిలో షామియానా సప్లయర్స్ ఉండేది. ముందు కొట్టు, వెనక గోడౌను. కర్రలు, గుడ్డలు, కుర్చీలు, వంట గిన్నెలు. పిల్లల్లేరు. బల్లకి అటు నేతల విక్టర్ కూర్చున్నాడు. ఆ కొట్టులో పందొమ్మిదేళ్ళు కర్రలు పాతాడు, చివరి ఆరేళ్ళు పనివాళ్ళకి పెద్దగా ఉన్నాడు. సత్యవేణి కొట్టు, గోడౌను, సామానుతో సహా అతనికి అమ్ముతోంది. వెల పధ్నాలుగు లక్షలు. చీటీ పాడుకుని నాలుగు లక్షలు తెచ్చి ఇచ్చాడు. మిగతా పదికీ ఆ కొట్టునే ఆమెకి తనఖా పెడుతూ నన్ను రాయించారు. వడ్డీతో కలిపి నెలకి పన్నెండు వేల చొప్పున నూట ఇరవై కిస్తీలు. పదేళ్ళు.

పేర్రాజు నన్ను పైకి చదివాడు. ఆ చదవడం వినేవాళ్ళ కోసం కాదు, చదివి వినిపించితిననే మాట నిజం కావడం కోసం. తమ పేరు వచ్చినప్పుడు, అంకె వచ్చినప్పుడు ఇద్దరూ తలెత్తారు. మిగతాసేపు సత్యవేణి ఫ్యాను వైపు చూసింది. నాలుగో పేజీలో ఈ వాక్యం ఉంది: "వరుసగా రెండు కిస్తీలు తప్పినచో, బాకీ యావత్తును ఏకమొత్తముగా చెల్లించవలెను, లేనిచో సదరు ఆస్తిని అమ్మించి రాబట్టుకొనుటకు మీకు హక్కు కలదు." దానికి ఎవరూ తలెత్తలేదు.

చదవడం అయ్యాక విక్టర్ గొంతు సవరించుకున్నాడు.

"అమ్మగారండి, మరి మూఢంలో ఎలాగండి? పెళ్ళిళ్ళుండవు కదండి. రెండేసి నెలలొచ్చిందంటే కర్రలు గోడౌను దాటవు."

"మూఢంలో నిన్నెవరడిగారు?" అంది సత్యవేణి. "ఆయనున్నప్పుడు మూఢంలో మీ జీతాలు ఎలా ఇచ్చేవారు? పెళ్ళిళ్ళు మొదలయ్యాకే కదా. నువ్వూ అంతే. మొదలయ్యాక రెండూ కలిపి ఇద్దువుగాని."

"ఆ ముక్క కూడా వేసెయ్యమంటారా?" అన్నాడు పేర్రాజు. "ఒక్క వాక్యం. నిమిషం పని."

సత్యవేణి చెయ్యి అడ్డం పెట్టింది. "శుభమా అని దస్తావేజు రాయించుకుంటూ అందులో మూఢం అని రాయిస్తారటండీ ఎవరైనా? మంచి రోజు చూసుకుని మరీ వచ్చాం. వద్దొద్దు."

"అదీ నిజమే లెండి," అన్నాడు పేర్రాజు.

విక్టర్ ఇంట్లో పంచాంగం ఉండదు. ఆదివారం చర్చికి వెళ్ళే మనిషి. అయినా గురుడు, శుక్రుడు ఎప్పుడు కనబడకుండా పోతారో ఆ వీధిలో అందరికంటే అతనికే బాగా తెలుసు, అన్నం దాని మీద ఆధారపడి ఉంది కాబట్టి. "మాకైతే ఆ పట్టింపు లేదండి. రాసేసుకుంటే ఓ పనైపోద్ది కదండి," అన్నాడు.

"ఏంట్రా, నా మాట మీద నమ్మకం లేదా?"

"అయ్యో, అంత మాటెందుకండి."

సంతకాలు పెట్టారు. వేలిముద్రలు వేశారు. అలా నేను ఒక వాక్యం తక్కువగా పుట్టాను.

అక్కణ్ణుంచి అయిదేళ్ళకు పైగా ఒక ట్రంకు పెట్టెలో ఉన్నాను. పెట్టె సత్యవేణిది. ఇల్లు ఆమె మరిది గంగాధరానిది. నాగభూషణం వ్యాపారం పెట్టే రోజుల్లో తన వాటా తమ్ముడికి రాసిచ్చి డబ్బు తీసుకున్నాడు. కాబట్టి ఆ ఇంట్లో సత్యవేణికి ఉన్నది హాల్లో ఒక మడత మంచం, దాని కింద పెట్టె. పెట్టెలో నేను.

ఆమెని ఆ ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనలేదు. అది నేను సాక్ష్యం చెప్పగలను. చుట్టాలొస్తే మంచం మడిచేవారు. పెట్టెని వంటింటి గట్టు కిందికి తోసేవారు. టీవీ ఆగేదాకా ఆమె పడుకోవడానికి లేదు. పొద్దున్న పాలవాడు రాకముందే మంచం ఎత్తెయ్యాలి. "అక్కా, కాస్త అటు జరుగుతారా, తుడవాలి" అనేది తోడికోడలు రాజ్యం. మర్యాదగానే అనేది. ఆమె అటు జరిగేది. తర్వాత ఇటు జరిగేది. చీర మార్చుకోవాలంటే గంగాధరం, అతని కొడుకులు ఇద్దరూ బయటికెళ్ళేదాకా ఆగేది. ఆ ఇంట్లో తలుపులు ఆరు. ఒక్క దాని గడియ కూడా ఆమె చేతిలో లేదు.

నెలకి పన్నెండు వేలు ఆమె తిండికి, మందులకి, రాజ్యానికి ఇచ్చే భాగానికి సరిపోయేది. ఆ ఇంట్లోంచి బయటికి రావడానికి సరిపోయేది కాదు. అంటే ఆమెని పోషించిందీ నేనే, అక్కడ కట్టేసి ఉంచిందీ నేనే.

ప్రతి నెలా అయిదో తేదీన విక్టర్ వచ్చేవాడు. ఆమె నన్ను పెట్టెలోంచి తీసి, వెనక పేజీలో చెల్లు రాసేది. కిస్తీ ముట్టినట్టు రాసే వాక్యాన్ని చెల్లు అంటారు. ఆమె రాత గుండ్రంగా ఉండేది. కింద ఇద్దరూ సంతకం చేసేవారు. మూఢం నెలల్లో విక్టర్ ఖాళీ చేతులతో వచ్చేవాడు. టీ తాగేవాడు.

"ఏంటి విక్టరూ, ఖాళీయా?"

"ఖాళీయేనండి. మొన్నో పెద్దకర్మకి ఇరవై కుర్చీలెళ్ళాయంతే. చావులకి మూఢం లేదు కాబట్టి బతుకుతున్నాం."

పెళ్ళిళ్ళు మొదలయ్యాక రెండు కిస్తీలూ ఒకేసారి తెచ్చేవాడు. ఆమె ఒకే తేదీ వేసి రెండు చెల్లులు రాసేది. అలా నా వెనక మూడు చోట్ల జరిగింది. మాట రాతలో లేదు, కానీ దాని అడుగుల గుర్తులు నా వీపు మీద ఉన్నాయి.

ఆరో ఏడు ఒక రోజు పెట్టెలోకి కొత్త కాగితం వచ్చింది. బయానా రసీదు. నా పక్కనే పడుకుంది కాబట్టి పూర్తిగా చదివాను. పాత అపార్టుమెంటులో రెండో అంతస్తున ఒక పడకగది ఇల్లు. వెల తొమ్మిది లక్షలు. సత్యవేణి లక్ష బయానా ఇచ్చింది. అరవై రోజుల్లో మిగతా సొమ్ము ఇచ్చి రిజిస్ట్రేషను చేయించుకోవాలి. లేకపోతే బయానా పోతుంది. ఆ రసీదు ఆయుష్షు అరవై రోజులు.

రసీదులో లేనిది ఇంకోటి ఉంది. అది ఆమె రాజ్యంతో అనగా విన్నాను. అరవై రోజులయ్యేసరికి మూఢం మొదలవుతోంది. మూఢంలో కొత్త ఇంట్లోకి అడుగు పెట్టరు. ఆ లోపు చేరకపోతే ఇంకో రెండు నెలలకు పైగా మడత మంచమే.

బయానా పోగా ఆమె దగ్గర మూడున్నర లక్షలున్నాయి. ఖర్చులతో కలిపి ఇంకా అయిదు లక్షల ఇరవై వేలు కావాలి. ముందు విక్టర్నే అడిగింది. మిగిలింది ఒక్కసారే ఇచ్చేస్తే బాగా తగ్గించుకుంటానంది.

"ఎక్కణ్ణుంచి తెమ్మంటారండి?" అన్నాడు విక్టర్. "బ్యాంకోళ్ళు షామియానా గుడ్డల మీద అప్పివ్వరండి. అడిగొచ్చాను కూడా."

పేర్రాజుని అడిగింది. తనఖా దస్తావేజుని అమ్ముకోవచ్చని అతనే చెప్పాడు. భీమవరంలో ఒకాయన కొంటాడనీ, మిగిలిన కిస్తీలకి బదులు కొంత తగ్గించి ఒకేసారి చేతిలో పెడతాడనీ చెప్పాడు. సత్యవేణి ఆశ్చర్యపోయింది. నేనూ ఆశ్చర్యపోయాను. నేను ఇంకొకరి ఆస్తికి తాళాన్ననుకున్నాను. నేనే సరుకునని అప్పటిదాకా తెలియదు.

విక్టర్‌కి చెప్పింది. అతను అభ్యంతరం పెట్టలేదు. "మీకిచ్చేది ఆయనకిస్తానండి. నాదేముంది? మూఢం సంగతి మాత్రం ఆయనకి చెప్పండి అమ్మగారూ."

"చెప్తాను కదా," అంది.

భీమవరంలో కొనేవాడి పేరు చామర్తి సర్వేశ్వరరావు. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు. ఇంటి ముందుగదే ఆఫీసు. సత్యవేణికి కాఫీ ఇప్పించి, కళ్ళజోడు మార్చుకుని, నన్ను చదవడం మొదలుపెట్టాడు. నలభై నిమిషాలు పట్టింది. సరిహద్దులు చదివాడు. నాలుగో పేజీ రెండుసార్లు చదివాడు. వెనక్కి తిప్పి చెల్లులు ఒక్కొక్కటి వేలు పెట్టి లెక్కపెట్టాడు. నన్ను రాసినవాడు, రాయించినవాళ్ళు, సాక్షులు ఎవరూ నన్ను మనసు పెట్టి చదవలేదు. అలా చదివిన మొదటి మనిషి నన్ను కొనేవాడే.

"యాభై ఎనిమిది మిగిలాయమ్మా. ఆరు లక్షల తొంభై ఆరు వేలు. నేను అయిదు లక్షల ఇరవై వేలిస్తాను."

"ఇంకొంచెం..."

"ఇవాళ చేతిలో ఉన్న రూపాయి వేరు, అయిదేళ్ళ తర్వాత వచ్చే రూపాయి వేరు. మీకు మొదటిది కావాలి. దాని ఖరీదు అంత." ఆయన గొంతు పెంచలేదు. నా వీపు మీద వేలు పెట్టాడు. "ఇక్కడ రెండు కిస్తీలు ఒకే తేదీన ఉన్నాయి. ఇక్కడా. ఇక్కడా. ఎందుకు?"

"అప్పుడు అతనికి వీలు పడలేదండి."

"మీ ఇద్దరి మధ్య నోటి మాట ఏమైనా ఉందా? ఉంటే చెప్పండమ్మా, తప్పేం లేదు. ధర మారుతుంది, అంతే."

"ఎంత మారుతుందండి?"

"నాలుగు లక్షల అరవై వేలు."

సత్యవేణి చేతిసంచి పట్టీని వేలికి చుట్టుకుంది. విప్పింది. మళ్ళీ చుట్టుకుంది. గోడ మీద క్యాలెండరు ఉంది. బయానా గడువుకి తొమ్మిది రోజులుంది. మూఢానికి పదకొండు. నేను బల్ల మీద వెల్లకిలా ఉన్నాను. ఆమె ముఖం కనబడింది. నన్ను చూడలేదు.

"లేదండి," అంది.

ఆయన ఒక కాగితం ముద్రించి ఇచ్చాడు: "పై దస్తావేజులో వ్రాసినవి తప్ప మా మధ్య నోటి ఒప్పందములు ఏవియు లేవు. ఉన్నట్లు తేలినచో పుచ్చుకున్న సొమ్ము వాపసు చేయుదును." ఆమె సంతకం చేసింది. గుండ్రంగానే చేసింది.

ఆ క్షణాన నాకు అరవాలనిపించిందని చెబితే అబద్ధమవుతుంది. నాకు నోరు లేదు. ఉన్నా, నాలో రాసిందే పలుకుతుంది. పేర్రాజు గదిలో ఆ మాట నా ఎదుటే అన్నారు. నేను విన్నాను. విన్నది సాక్ష్యం కాదు.

రెండు రోజుల్లో బదలాయింపు దస్తావేజు రిజిస్టరైంది. దాన్నీ, ఆమె సంతకం చేసిన కాగితాన్నీ నాతో కలిపి కుట్టారు. నేను సర్వేశ్వరరావు ఇనప బీరువాలోకి వెళ్ళాను. అక్కడ నాలాంటివి ముప్పై దాకా ఉన్నాయి. ప్రతి దానికీ పైన ఒక నంబరు చీటీ. నాది ఇరవై రెండు. ట్రంకు పెట్టెలో ఉన్నప్పుడు నంబరు లేకుండానే సత్యవేణికి నేనెవరో తెలుసు. ఇక్కడ ఇరవై రెండు అంటే నేను.

విక్టర్ ఒక కిస్తీ తెచ్చాడు. యాభై ఏడు మిగిలాయి. తర్వాత మూఢం మొదలైంది. పాలకొల్లు నుంచి ఖాళీ చేతులతో వచ్చి టీ తాగడానికి భీమవరం దూరం కాబట్టి, విక్టర్ రాలేదు. రెండో నెలా రాలేదు. మూఢం సంగతి అమ్మగారు చెప్పే ఉంటారన్న ధైర్యంతో ఉన్నాడు. రెండో నెల పదో తేదీ దాటాక సర్వేశ్వరరావు నన్ను తీసి, నాలుగో పేజీ చూసి, నోటీసు రాశాడు. యాభై ఏడు కిస్తీల సొమ్ము పదిహేను రోజుల్లో ఒకేసారి కట్టాలి. లేకపోతే కొట్టు, గోడౌను వేలానికి వెళతాయి. కోపంతో రాయలేదు. నాలో అలా ఉంది కాబట్టి రాశాడు.

నాలుగో రోజున విక్టర్ వచ్చాడు. వెంట సత్యవేణిని తీసుకొచ్చాడు. అతని ముఖంలో భయం కంటే చిరాకు ఎక్కువుంది. ఏదో ఆఫీసు పొరపాటు జరిగిందని, అది సరిచేయించడానికి వచ్చినవాడి ముఖం అది.

"నోటీసు వచ్చిందండి. మూఢం సంగతి అమ్మగారు మీకు చెప్పారు కదండి. మర్చిపోయినట్టున్నారు."

సర్వేశ్వరరావు బీరువా తీశాడు. నన్ను తెచ్చి బల్ల మీద పెట్టి, చివరి కాగితం తిప్పి, చదివాడు. నోటి ఒప్పందములు ఏవియు లేవు.

"మళ్ళీ చదవండి," అన్నాడు విక్టర్.

మళ్ళీ చదివాడు.

విక్టర్ వంగి సంతకం చూశాడు. నెల నెలా అరవై రెండు సార్లు ఆ సంతకం పక్కన తన సంతకం చేసినవాడు. గుర్తుపట్టడానికి సమయం పట్టలేదు. "చెప్తానన్నారు కదండి," అన్నాడు. ఆమె వైపు తిరగలేదు. సంతకంతో అన్నట్టు అన్నాడు.

ఆ గదిలో ముగ్గురికీ లెక్క తెలుసు. మాట ఉందని ఆమె ఒప్పుకుంటే పుచ్చుకున్న సొమ్ము వాపసు చెయ్యాలి. సొమ్ము ఇల్లయిపోయింది. ఇల్లు అమ్మాలి, మడత మంచానికి తిరిగి వెళ్ళాలి. లేదని ఊరుకుంటే కొట్టు పోతుంది. ఆమె ఊరుకుంటే చాలు. రాతంతా ఆమె వైపే ఉంది. నేను ఆమె వైపే ఉన్నాను. ఏ కోర్టుకి తీసుకెళ్ళినా నేను ఆమె తరఫునే మాట్లాడతాను.

కాఫీ వచ్చింది. ఎవరూ తాగలేదు.

"ఉందండి," అంది సత్యవేణి. "మాట ఉంది. మూఢంలో అడగనని నేనే అన్నాను. మీరు అడిగినప్పుడు లేదన్నాను."

సర్వేశ్వరరావు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "అలాగైతే అయిదు లక్షల ఇరవై వేలు నాకు వాపసివ్వాలమ్మా."

"ఇల్లు కొన్నానండి. మూఢం ముందు రోజే చేరాను."

"తెలుసు." నిదానంగా మాట్లాడాడు. "నాకు ఆయన కర్రలు అక్కర్లేదు. మీ ఇల్లూ అక్కర్లేదు. నేను కొన్నది కిస్తీలు. కిస్తీలు వస్తే చాలు. ఆయన తేలేని నెల మీరు తెండి. పదో తేదీలోపు. చివరి కిస్తీ దాకా హామీ ఉంటానని దీని వెనక రాసి సంతకం పెట్టండి. ఈ రెండు కిస్తీలూ వారంలో కట్టండి. నోటీసు వెనక్కి తీసుకుంటాను."

"మూఢంలో కూడానా అండి?"

"మూఢంలోనూ అమ్మా. నా గోడ మీద ఉన్నది మామూలు క్యాలెండరే."

ఆమె నన్ను దగ్గరికి లాక్కుంది. ఆయన చెప్పింది రాసింది. ఇంతకుముందు నా వీపు మీద ఆమె రాసినవన్నీ పుచ్చుకున్నట్టు రాసినవి. ఇది ఇవ్వవలసినట్టు రాసింది. సంతకం చేసేటప్పుడు పెన్ను రెండుచోట్ల ఆగింది. ఆ రెండు చుక్కలూ ఇప్పటికీ ఉన్నాయి.

విక్టర్ గుమ్మం దగ్గర నిలబడి చెప్పులు వేసుకున్నాడు. "నమ్మకం లేదా అన్నారండి ఆ రోజు," అన్నాడు. "ఉంది కాబట్టే రాయించుకోలేదు." ఆమె కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు. తర్వాత బండి చప్పుడు వినబడింది. ఆమె బస్సు ఎప్పుడుందో సర్వేశ్వరరావుని అడిగింది.

వారంలో ఇరవై నాలుగు వేలు తెచ్చి కట్టింది. కర్రీ పాయింటు వాళ్ళకి రోజూ పప్పు, పులుసు వండి ఇస్తున్నాననీ, వాళ్ళ దగ్గర ముందుగా తీసుకున్నాననీ చెప్పింది. సర్వేశ్వరరావు కొత్త ఇల్లు ఎలా ఉందని అడిగాడు. మర్యాదకే అడిగాడు. ఆమె కొంచెం ఆలోచించి, "తలుపు గడియ బిగుతుగా ఉందండి, రెండు చేతులతో వెయ్యాలి," అంది. ఫిర్యాదులా అనలేదు.

ఆ తర్వాత ఏడాదిన్నర విక్టర్ ప్రతి నెలా అయిదో తేదీన వచ్చాడు. ఆలస్యం లేదు, మాటలు లేవు. కిస్తీ కట్టి, చెల్లు రాసేదాకా నిలబడి, చదువుకుని వెళ్ళేవాడు. రాసిన ప్రతి అక్షరం చదివేవాడు. ముప్పై ఏడు మిగిలాయి.

మళ్ళీ మూఢం వచ్చింది. ఈసారీ రెండు నెలలు.

మొదటి నెల అయిదో తేదీన పది గంటలకి సత్యవేణి వచ్చింది. మనిషి చిక్కింది. మోచేతి దగ్గర నూనె చిట్లిన మచ్చ ఉంది. కవరు బల్ల మీద పెట్టింది. సర్వేశ్వరరావు నన్ను తీశాడు, సొమ్ము లెక్కపెట్టాడు, చెల్లు రాయడం మొదలుపెట్టాడు. సగం వాక్యంలో ఉండగా విక్టర్ హెల్మెట్ చేత్తో పట్టుకుని లోపలికొచ్చాడు.

"మీరెందుకొచ్చారండి?"

"మూఢం కదా. నీకు వీలు పడదని."

"వీలు పడదని మీకెవరు చెప్పారు? యాభై కుర్చీలమ్మాను. మీ చేత కట్టించుకునే ఖర్మ నాకేం పట్టలేదండి."

"కుర్చీలమ్మేశావా!" సత్యవేణి లేచి నిలబడింది. "బుద్ధుందా నీకు? రెండు నెలలు పోతే పెళ్ళిళ్ళు. అప్పుడు జనాన్ని చాప మీద కూర్చోబెడతావా? కుర్చీ ఎంతకిచ్చావు?"

"ఎంతకిస్తే మీకెందుకండి? నా యాపారం నాది."

"ఎంతకిచ్చావురా?"

"రెండొందల నలభైకి."

"ఆయన నాలుగొందల యాభై పెట్టి కొన్నారవి!"

"ఆయన కొన్నప్పుడు కొత్తవండి. ఇప్పుడు వాటికి కాళ్ళు ఊగుతున్నాయి. మీరు వండి వండి మచ్చలేసుకుని తెచ్చిన డబ్బు నాకొద్దు. తీసుకుపోండి."

"నీకిచ్చానా? ఆయనకిచ్చాను. అక్కడ సంతకం నాది."

"అప్పు నాదండి."

విక్టర్ కూడా పన్నెండు వేలు బల్ల మీద పెట్టాడు. ఇప్పుడు నాకు అటో కట్ట, ఇటో కట్ట ఉన్నాయి. అయిదు కాగితాలుగా పుట్టి ఇన్నాళ్ళు బతికాను. ఒక కిస్తీ కోసం ఇద్దరు పోట్లాడుకోవడం అదే మొదటిసారి చూశాను.

సర్వేశ్వరరావు ఇద్దర్నీ కూర్చోమన్నాడు. ఇద్దరూ కూర్చోలేదు. ఆయన రెండో కట్ట కూడా లెక్కపెట్టాడు. సత్యవేణి పేరుతో మొదలుపెట్టిన చెల్లు పూర్తి చేశాడు. దాని కింద విక్టర్ పేరుతో ఇంకో చెల్లు రాశాడు. రెండు కట్టలూ సొరుగులో పెట్టి తాళం వేశాడు. వచ్చిన డబ్బు తిప్పి పంపించే అలవాటు ఆయనకి లేదు.

"ఒకటి ఈ నెలకి, ఒకటి పై నెలకి," అన్నాడు. "పై నెలా మూఢమే కదమ్మా. ఇద్దరూ రానక్కర్లేదు."

చెల్లుల కింద ఇద్దరూ సంతకాలు చేశారు. విక్టర్ రెండూ చదివాడు. చదివి, నన్ను ఆమె వైపు తిప్పాడు. ఆమె కూడా చదివింది. ఇద్దరూ ఒకేసారి బయటికి వెళ్ళారు. దారిలో మాట్లాడుకున్నారో లేదో నాకు తెలియదు. అప్పటికి బీరువా తలుపు వేసేశారు.

పై నెల అయిదో తేదీన ఎవరూ రాలేదు. నన్ను ఎవరూ తియ్యలేదు. ఇంకా ముప్పై అయిదు ఉన్నాయి.